సొంతనోరు

రోజు 4,206

ఉదయం షిఫ్టు. మొదటి పంపు బాగుంది. రెండో పంపు నోట్లో నాచు చిక్కుకుంటే తీయడానికి గంటన్నర పట్టింది. ఉప్పు వడకట్టే పొరలు రెండు కడిగి మళ్ళీ బిగించాను. ముప్ఫై ఏడు పడవలకూ నీళ్ళు వదిలాను.

ఈ లాగ్‌బుక్కులో ప్రతి పేజీ చివరా 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్ళకు పైగా ఈ ప్లాంటులో పనిచేస్తున్నాను. ఒక్కనాడూ దాన్ని నింపలేదు. ఇవాళ నింపుతున్నాను. చోటు చాలకపోతే వెనక పేజీ ఉంది.

మా తమ్ముడు మసేను వచ్చాడు.

నాలుగేళ్ళ తర్వాత రావడం. అమ్మ ఆసుపత్రి పడవలో పోతున్న రోజున వాడు రాలేదు. తన బదులు మాట్లాడే మారుని పంపాడు. మంచం పక్కన తెరమీద వాడి ముఖం, వాడి గొంతు. 'అమ్మా, నేనున్నాను కదా' అని అదే పనిగా అంటోంది. అమ్మకు అప్పటికే చూపు ఆనడం లేదు. ఆ తెర అంచు పట్టుకునే ప్రాణం విడిచింది. దినం రోజున అందరిముందూ వాడితో అన్నాను: "అమ్మ సచ్చిపోతంటే బొమ్మని పంపినోడివి. ఇంక నా గడప తొక్కకు." వాడు తొక్కలేదు.

ఇవాళ ఎండుచేపల బుట్టతో ప్లాంటు మెట్లమీద నిలబడ్డాడు.

"అప్పా, నీ మాటలు మూడుసార్లు ఇన్నాను. నన్ను కోపం మరిసిపొమ్మని నువ్వే అడిగినావంటే నమ్మబుద్ది కాలేదు. అందుకే నానే వచ్చినాను."

"ఏ మాటలురా?"

వాడు నవ్వాడు. "పోన్లే, మల్లా సెప్పించుకోను" అని కళ్ళు తుడుచుకున్నాడు.

నేను వాడికి ఏ కబురూ పెట్టలేదు. పెద్దవాళ్ళెవరో మధ్యలో పడి నా తరఫున నాలుగు మంచి మాటలు చెప్పి ఉంటారనుకున్నాను. బుట్ట అందుకున్నాను. వాడి జుట్టు నెరిసింది. అది చూశాక మరేమీ అడగాలనిపించలేదు.

రోజు 4,209

పొరల మీద ఒత్తిడి మామూలే. పంపులు రెండూ నడుస్తున్నాయి.

పక్కింటి కొండమ్మ పొద్దున్నే బట్టలు ఆరేస్తోంది. ఆమెకు నాకూ మధ్య మూరెడు దూరం. ఆమె నోరు మూసుకునే ఉంది. మెడలోని మారు బిళ్ళ మాత్రం ఆమె గొంతుతో, "వదినా, టీ తాగారా? ఎండ ఎక్కువగా ఉంది, జాగ్రత్త" అంది. నేను తలెత్తి కొండమ్మ ముఖంలోకి చూసి, "తాగినానమ్మా, నువ్వు తాగినావా?" అన్నాను. ఆమె కంగారుపడి లోపలికి వెళ్ళిపోయింది.

మా తెప్పవాడలో అందరికీ మారు ఉంది. ఫోన్ వస్తే అదే ఎత్తుతుంది. సభ జరిగితే తెరమీద మన ముఖంతో అదే కూర్చుని చెయ్యి ఎత్తుతుంది. చావుకు విచారిస్తుంది, పెళ్ళికి దీవిస్తుంది. సాయంత్రం బిళ్ళ నొక్కితే ఇవాళ మనం ఎవరితో ఏం మాట్లాడామో మూడు ముక్కల్లో చెబుతుంది. మునిగిపోయిన ఊళ్ళ జనాన్ని ఈ పడవలమీద ఇరుకుగా కుక్కినప్పుడు రోజూ కొట్లాటలేనట. మారు వచ్చాక కొట్లాటలు ఆగిపోయాయి.

నాకు మారు లేదు. రిజిస్టర్లో నా పేరు పక్కన 'సొంతనోరు' అని ఉంటుంది. మా పన్నెండో పడవలో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. కష్టమే. నా నోట వచ్చిన మాట నాదే, దాన్ని వేరేది దిద్దడానికి వీల్లేదు. మనుషులు నొచ్చుకుంటారు. అయినా మూడేళ్ళుగా నన్ను ఎవరూ దూరం పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషికి ఆలస్యంగానైనా విలువ ఉంటుందని నాకు నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం ట్యాంకు విషయంతో కలిగింది. మూడేళ్ళ కిందట పంతొమ్మిదో పడవ ట్యాంకు లోపలి పూత పెచ్చులూడి నీళ్ళలో కలుస్తోందని నేను ఆఫీసుకు రాసి ఇచ్చాను. సెక్రటరీ రేవతీపతి గారు నన్ను పిలిపించి, ఆ కాగితం వెనక్కి తీసుకోమన్నారు. తీసుకోనన్నాను. ప్లాంటు దాటి వేరే పడవల ట్యాంకుల జోలికి వెళ్ళకూడదని నాకు ఆర్డరు వచ్చింది. పదిరోజుల తర్వాత మా ఆయన ఎల్లాజీ నాచుతోటల నుంచి వస్తూ వస్తూ, "పూత ఏస్తన్నారే! నా కల్లారా సూసొచ్చినాను. నువ్వు గెలిసినావు" అన్నాడు. ఆ రోజు నన్ను ఎత్తుకుని డెక్కు మీద ఒక చుట్టు తిప్పాడు.

ఎల్లాజీ నెలలో ఇరవై రోజులు తోటల దగ్గరే ఉంటాడు. అతనికి మారు ఉంది, పనికి తప్పదు. కానీ పెళ్ళినాడే ఒట్టు పెట్టించుకున్నాను, మన ఇద్దరి మధ్యా అది రాకూడదని. రోజూ పొద్దు వాలగానే ఫోన్ చేస్తాడు. ఆ అరగంట కోసం నేను పగలంతా ఎదురు చూస్తాను.

రోజు 4,215

మొదటి పంపు వాల్వు మార్చాను.

పంతొమ్మిదో పడవ నుంచి కాసులమ్మ అనే మనిషి నడిచి వచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ఖాళీ డబ్బా.

"అప్పా, ఇక్కడ్నించే ఒక డబ్బా నీల్లు పట్టుకుపోతాను. మా ట్యాంకు నీల్లు నూనె వాసనొత్తన్నాయి. మా ముత్యానికి తొమ్మిదేల్లు. కిడ్నీలు పాడైనాయని సెప్పినారు."

"మీ ట్యాంకుకి పూత ఏసినారు కదమ్మా, మూడేల్ల కిందట."

"ఎవలేసినారు?"

నేను డబ్బా అందుకుని పంపు కింద పెట్టాను. కాసులమ్మ నా వెనకే వచ్చింది.

"అలగంటావేటప్పా! మాకు అప్పుడే అనుమానమొచ్చింది. తాగడం మానేసినాం కూడా. సభలో నువ్వే కదా సెప్పినావు. నాను పొరపాటు పడినాను, ఆ నీల్లు బాగున్నాయి, నిచ్చింతగా తాగండని! మారు మాటైతే మేం నమ్మేవోల్లం కాదు. నువ్వు సొంతనోటి మనిసివి, అబద్దమాడవని తాగినాం."

డబ్బా నింపి ఇచ్చాను. ఆమె వెళ్ళాక కూడా పంపు కట్టేయడం మరచిపోయి అలాగే నిలబడ్డాను. నీళ్ళు డెక్కుమీద పారి సముద్రంలోకి పోయాయి.

రోజు 4,216

ప్లాంటును రెండో షిఫ్టు మనిషికి అప్పగించి పంతొమ్మిదో పడవకు నడిచాను. ఆర్డరు సంగతి గుర్తుంది. గుర్తుండే వెళ్ళాను.

ట్యాంకు మూత తెరిచాను. లోపలి గోడ చేప పొలుసుల్లా లేచిపోయి ఉంది. చేత్తో తడిమితే అరచేతి వెడల్పు పెచ్చు ఊడి వచ్చింది. అది పట్టుకుని తిన్నగా ఆఫీసుకు వెళ్ళాను.

సెక్రటరీ గారు స్వయంగా మాట్లాడారు. ఆయన నోరు కదలడం నేను చూడటం అది రెండోసారో మూడోసారో. "కూర్చోండి పైడితల్లి గారూ. ఈ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అనుకుంటూనే ఉన్నాను" అని, తెరమీద పాత సభ వేసి చూపించారు.

తెరమీద నేను ఉన్నాను. నా ముక్కుపుడక, నా కుడికంటి పక్కన మచ్చ, నా గొంతు. మాట మాత్రం నాది కాదు. నేను ఎప్పుడూ అలా మెత్తగా, చదువుకున్నవాళ్ళలా మాట్లాడి ఎరగను. "నా తొందరపాటుకు పెద్దలు మన్నించాలి. నేనే స్వయంగా పరిశీలించాను. నీళ్ళు పరిశుభ్రంగా ఉన్నాయి" అంటూ రెండు చేతులూ జోడించింది. ఎంత చక్కగా జోడించిందో. నాకే ముచ్చటేసింది. ఆ క్షణానికి నామీద నాకే అసహ్యం వేసింది.

"ఎవలెట్టినారు దీన్ని?"

ఆయన ఒక కాగితం తీశారు. కింద నా వేలిముద్ర, పక్కన ఎల్లాజీ వేలిముద్ర. తోట పర్మిట్ అని చెప్పి ఎల్లాజీ నాచేత ముద్ర వేయించుకున్న కాగితం అది. చదవలేదు నేను. మా ఆయన తెచ్చిన కాగితం చదవడమెందుకనుకున్నాను.

"మీకు తెలిస్తే బాధపడతారని మీ వారు కోరారు. అందుకే రిజిస్టర్లో సొంతనోరు అనే ఉంచాం. మీ గౌరవానికి భంగం రాలేదు కదా?" అన్నారు సెక్రటరీ గారు.

మా తమ్ముడితో మాట్లాడింది కూడా అదే. కొండమ్మకు సంజాయిషీ చెప్పుకునేది, నా వల్ల నొచ్చుకున్నవాళ్ళందరికీ మర్నాడే క్షమాపణ పంపేది, అంతా అదే. మూడేళ్ళుగా నన్ను నన్నుగా ఒప్పుకుంటున్నారని నేను మురిసిపోయిన మనుషులంతా దాన్ని ఒప్పుకున్నారు. నన్ను భరించారు.

రోజు 4,219

ఎల్లాజీ ఇవాళ మధ్యాహ్నం వచ్చాడు. పడవ కట్టి లోపలికి వచ్చేసరికి బల్లమీద పూత పెచ్చు పెట్టి కూర్చున్నాను. చూడగానే అతనికి అర్థమైంది. తలపాగా తీసి నేలమీద కూర్చున్నాడు.

"బిల్ల తీసి అవతల ఎట్టు మావా" అన్నాను. తీశాడు.

"పూత ఏసినారని, కల్లారా సూసినానని అన్నావు."

"అన్నాను."

"ఎందుకలగన్నావు?"

"నిన్ను ప్లాంటులోంచి తీసేత్తామన్నారు. ఇల్లు కూడా కాలీ సెయ్యాలన్నారు. నువ్వు ఒక్క మాట తగ్గవు. తగ్గమంటే నామీద పడతావు. అందుకని నువ్వు తగ్గకండానే తగ్గినట్టు సేసినాను." తలెత్తి నా వైపు చూశాడు. "నువ్వు నీలాగే బతికినావు కదే. నీకేటి లోటు సేసినాను?"

నిజంగానే అడుగుతున్నాడు. అతని ముఖంలో మోసం లేదు. అదే నాకు భరించరాకుండా ఉంది.

"పంతొమ్మిదో పడవ పిల్లగుంటలు ఆ నీల్లు తాగినారు."

"అంత సెడ్డగా ఉందని నాకు తెలీదు పైడీ. నీకు ప్రతీదీ సెడ్డగానే కనపడతాది కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను."

తర్వాత, అడగకూడదని అనుకుంటూనే అడిగాను.

"దాంతో నువ్వూ మాటాడేవోడివా?"

అతను నేలకేసి చూశాడు. "తోటలకాడ ఇరవై రోజులు ఒక్కడినే. అది నవ్వుతాది. నాను సెప్పిందల్లా ఇంటాది."

"మరి పొద్దు వాలగానే నాతో మాటాడింది?"

"కొన్నిరోజులు నానే."

"కొన్నిరోజులా!"

"నీకు మారు ఎట్టిన మొదటేడు అచ్చంగా నానే. తర్వాత... అలిసిపోయుండేవోడిని."

నా గొంతు నాకే వింతగా వినిపించింది. "పోయినేడు నాకు జొరమొచ్చి లెగలేకపోతే మూడుగంటలు ఫోను పెట్టకండా కబుర్లు సెప్పినావు. పడుకునేదాకా సెప్పినావు. అది నువ్వేనా?"

ఎల్లాజీ నుదురు ముడుచుకున్నాడు. జ్ఞాపకం చేసుకోవడానికి నిజంగా ప్రయత్నించాడు.

"ఏ జొరం?" అన్నాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను.

రోజు 4,221

పొరలు కడగలేదు. రేపు కడగాలి.

సెక్రటరీ గారు రెండు కాగితాలు పంపారు. మొదటిదాని మీద ముద్ర వేస్తే మారు మాట్లాడినవన్నీ నా మాటలేనని ఒప్పుకున్నట్టు. ట్యాంకు మెల్లగా బాగుచేయిస్తారు. నా పని, ఇల్లు, కాపురం ఎక్కడివక్కడే ఉంటాయి. రెండోదాని మీద వేస్తే ఆ మాటలేవీ చెల్లవు. ట్యాంకు అప్పుడే మూసేస్తారు. నాకు తెలియకుండా మారు పెట్టినందుకు ఎల్లాజీ తెప్ప దిగి గట్టు మీది శిబిరానికి పోవాలి. ఆర్డరు మీరినందుకు నేను ప్లాంటు వదలాలి.

ఎల్లాజీ రెండు కాగితాలూ చదివి వినిపించాడు. "నీ ఇష్టం" అన్నాడు. కాసేపాగి, "మొదటిదాని మీద ఎయ్యవే" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నన్ను అతను బతిమాలుకోవడం అదే మొదటిసారి.

రెండోదాని మీద వేశాను.

ఇది ధైర్యం కాదు. మొదటి కాగితం మీద వేస్తే మర్నాటి నుంచి నేను మాట్లాడేదేదీ నాకే నమ్మకం కాదు, అంతే.

రోజు 4,224

సభకు స్వయంగా వెళ్ళాను. హాలులో కుర్చీలు లేవు. గోడల చుట్టూ తెరలు, తెరల మీద మనుషులు. మధ్యలో నిలబడి జరిగింది చెప్పాను. పూత పెచ్చు ఎత్తి చూపించాను. ముత్యం పేరు చెప్పాను. ఆ నీళ్ళు తాగి జబ్బుపడ్డ మరో నలుగురు పిల్లల పేర్లు కూడా.

తెరలన్నీ ఒక్కసారే విచారంగా తలలాడించాయి. "మీ బాధ మాకు అర్థమైంది" అన్నాయి. వాటి వెనక మనుషులు ఆ సమయంలో ఎక్కడెక్కడ ఉన్నారో. వలలు కుట్టుకుంటూనో, వంట చేసుకుంటూనో. సాయంత్రం బిళ్ళ నొక్కితే తెలుస్తుంది వాళ్ళకు, ఇవాళ ఒకావిడ కష్టానికి మీరు జాలిపడ్డారని.

సభ నుంచి పంతొమ్మిదో పడవకు వెళ్ళి ఒక్కో తలుపే కొట్టాను. అరవై నాలుగు తలుపులు. బయటికి వచ్చిన ప్రతి మనిషితోనూ, "ఆ రోజు మాటాడింది నాను కాదు. ట్యాంకు నీల్లు తాగకండి" అన్నాను. కొందరు తిట్టారు. ఒక ముసలాయన, "మరి ఇప్పుడు మాటాడేది నువ్వేనని ఏటి నమ్మకం?" అన్నాడు. చెయ్యి చాపాను. నా మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి చూసి వదిలేశాడు.

చివరికి కాసులమ్మ ఇల్లు. ముత్యం మంచం మీద ఉంది. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. కాసులమ్మ నేను చెప్పిందంతా విన్నది.

"తప్పయిపోయింది తల్లీ" అన్నాను. ఆ మాట నా నోట అంతకుముందు ఎప్పుడొచ్చిందో నాకు గుర్తు లేదు.

"నువ్వు సెయ్యలేదు కదప్పా. మీ ఆయన సేసినాడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కానీ మీ పడవకి మా పడవకి మద్దిని ఆరు పడవలే. మూడేల్లలో ఒక్కసారి నడిసొచ్చి మూత తెరిసి సూడలేకపోనావా?" అంది.

చూడలేకపోయాను. ఆర్డరు ఉందని కాదు. గెలిచావన్న మాట వినడానికి బాగుంది, దాన్ని పరీక్షించాలనిపించలేదు. కాసులమ్మ నన్ను కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు.

రోజు నంబరు లేదు

ప్లాంటు నుంచి వచ్చేశాను. ఈ పుస్తకంలో మిగిలిన కాగితాలు తెచ్చుకున్నాను, కొత్తవాళ్ళకు కొత్త పుస్తకం ఇచ్చారు.

ట్యాంకు మూసేశారు. కొత్తది అమర్చేదాకా పంతొమ్మిదో పడవకు డబ్బాలతో నీళ్ళు మోయాలి. ఆ పనికి ఎవరూ ముందుకు రాకపోతే నా పేరు ఇచ్చాను. రోజుకు నలభై డబ్బాలు, తోపుడుబండి మీద. ముత్యాన్ని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. బతుకుతుందంటున్నారు. మిగతా నలుగురికీ మందులు ఇస్తున్నారు.

మసేనుకు నిజం చెప్పాను. "ఆ మాటలు నావి కావురా" అన్నాను. వాడు లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కొండమ్మ నన్ను చూస్తే ఇప్పుడు లోపలికి పోతోంది. ఆమె బిళ్ళ కూడా పలకరించడం లేదు.

ఇవాళ పొద్దున్న డబ్బాలు నింపుకుంటుంటే ప్లాంటు ఫోన్ మోగింది. గట్టు నుంచి నాకేనన్నారు. ఎల్లాజీని పంపిన శిబిరంలో మారు ఉండనివ్వరు, బిళ్ళ లాగేసుకుంటారు. ఫోన్ చెవిన పెట్టుకున్నాను. అవతల గాలి చప్పుడు, మనిషి ఊపిరి. మాట లేదు. ఎంతసేపటికీ లేదు. ఎల్లాజీ మాటలు వెతుక్కుంటున్నాడు. అతనికి అలవాటు తప్పిపోయింది.

చివరికి అన్నాడు. "పైడీ, నువ్వంటే నాకు బయమే. పెల్లైన కాడ్నించీ బయమే."

అంత నిజం అతని నోట నేను ఎప్పుడూ వినలేదు. మూడేళ్ళ కిందట అదే మాట నా ముఖం మీద అని ఉంటే కొట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, బహుశా మారేదాన్ని కూడా. ఇప్పుడు ఆ మాటకు నా దగ్గర బదులు ఉంది. మూడేళ్ళు మారుతో మాట్లాడుకున్న మనిషికి ఆ బదులు ఇవ్వడం ఇష్టం లేకపోయింది. ఫోన్ పెట్టేసి బండి తోసుకుంటూ బయలుదేరాను.